నా చేతితో నాటిన పూలమొక్క ఎందుకు బతకడం లేదు?

పెరటి పూలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పూలమొక్కల పెంపకం కొత్తగా మొదలుపెట్టి, వరుసగా మొక్కలను పోగొట్టుకుని, ఇక తమవల్ల కాదని అనుకుంటున్నవారు రాసినవే. వాటిలో ఒక ఉత్తరానికి వివరంగా, మరికొన్నిటికి క్లుప్తంగా జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 42 ఏళ్లు. కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో ఉంటున్నాము. బాల్కనీ తూర్పు ముఖంగా ఉంది. తెనాలి దగ్గర పల్లెలో మా అమ్మగారింట్లో మల్లెపందిరి, కనకాంబరాల మడి, దొడ్డివాకిలి పక్కన నందివర్ధనం ఉండేవి. వాటికి ఎవరైనా ప్రత్యేకంగా ఏదైనా చేసినట్టు నాకు గుర్తు లేదు. నేను మాత్రం గడచిన రెండేళ్లలో బండి మీద అమ్మేవారి దగ్గర, నర్సరీలలో కలిపి 11 మొక్కలు కొన్నాను. ఒక్కటీ మిగలలేదు. చివరగా కొన్న గులాబీ నాలుగు పూలతో ఇంటికి వచ్చింది. రోజూ ఉదయం, సాయంత్రం మరచిపోకుండా నీళ్లు పోశాను. మూడు వారాలకు ఆకులు పసుపుబారి రాలాయి, కొమ్మలు కొసల నుంచి నల్లబడ్డాయి. వాడిపోతున్నదని ఇంకొంచెం నీరు పోశాను, అయినా దక్కలేదు. నా చేయి మొక్కలకు మంచిది కాదని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. నేనూ అదే నమ్మే స్థితికి వచ్చాను. ఈసారి ఏ మొక్కతో మొదలుపెట్టమంటారు? అసలు మొదలుపెట్టవచ్చునా?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: మీ ఉత్తరంలో ఒక వాక్యాన్ని నేను మళ్లీ మళ్లీ చదివాను. గులాబీ వాడిపోతున్నదని ఇంకొంచెం నీరు పోశానని రాశారు. మీరు పోగొట్టుకున్న మొక్కలలో చాలావాటికి ఏమి జరిగి ఉంటుందో ఆ మాటే చెబుతున్నది. ఫలానావారి చేయి మంచిదని చెప్పి, విత్తనం వేసే రోజున వారి చేతనే తొలి గింజ వేయించడం మన ఇళ్లలో ఉన్న అలవాటే, అందులో ఆప్యాయత ఉంది. అదే మాటను తిప్పి ఒక మనిషి మీద నిందగా వేయడం మాత్రం న్యాయం కాదు. రెండేళ్లపాటు రోజుకు రెండుసార్లు మరచిపోకుండా నీరు పోసిన మీకు శ్రద్ధ తక్కువని ఎవరూ అనలేరు. మీకు తెలియకుండా పోయిందల్లా మొక్క వేళ్ల సంగతి, అది ఎవరైనా నేర్చుకోగలిగినదే.

వేరు నీటిని తాగుతుందని అందరికీ తెలుసు. అది గాలి కూడా పీలుస్తుందన్న సంగతి మాత్రం మొక్క అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు. మట్టి రేణువుల మధ్య సన్నని ఖాళీలు ఉంటాయి. నీరు పోసినప్పుడు అవి నిండుతాయి, మిగులు నీరు కిందికి దిగిపోయాక వాటిలోకి మళ్లీ గాలి చేరుతుంది, ఆ గాలిలోని ఆక్సిజన్‌తోనే వేరు పని చేస్తుంది. ఉదయం నిండిన ఖాళీలలోకి గాలి చేరకముందే సాయంత్రం మళ్లీ నింపితే వేరుకు ఊపిరి ఆడదు. రోజుల తరబడి అలాగే గడిస్తే ముందుగా పీచువేళ్లు చనిపోతాయి, తరువాత తడిమట్టిలో ఉండే శిలీంధ్రాలు వాటిని కుళ్లబెడతాయి. కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు కనుక, చుట్టూ నీరు ఉన్నప్పటికీ ఆకులు దప్పికతో ఉన్న మొక్క ఆకుల్లాగే వాలిపోతాయి. చూసేవారికి అది నీటి కొరతలా కనిపిస్తుంది, మొక్క మీద ప్రేమ ఉన్నవారు వెంటనే చెంబుతో నీళ్లు తెస్తారు. నేను మొక్కలు పెంచడం మొదలుపెట్టిన సంవత్సరంలో రెండు మల్లెలను, ఒక మందారాన్ని సరిగ్గా ఇలాగే పోగొట్టుకున్నాను.

ఆ గులాబీ కుండీ ఇంకా అక్కడే ఉంటే పారవేయకండి. పాత దినపత్రిక పరచి, కుండీని పక్కకు వంచి, అంచు మీద రెండు మూడుసార్లు తట్టి, మట్టిముద్ద మొత్తాన్ని బయటికి తీయండి. ఆరోగ్యంగా ఉన్న వేళ్లు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి, లాగితే కొంచెం బిగువుగా ఉంటాయి, వాటి మట్టికి తొలకరి వాన వాసన ఉంటుంది. ఊపిరాడక చనిపోయిన వేళ్లు నల్లగా, మెత్తగా ఉంటాయి. రెండు చేతివేళ్లతో పట్టి లాగితే పైతోలు జారి వచ్చేసి లోపల దారం లాంటి నడిమి పోగు మిగులుతుంది, ముద్ద అడుగున మురుగు వాసన వస్తుంది. అలా కాకుండా ముద్ద నడుమ మట్టి పొడిగా, రాయిలా బిగిసి ఉంటే కథ వేరు. బంకమట్టి ముద్దతో వచ్చిన మొక్క ఒకసారి బాగా ఎండితే ఆ ముద్ద కుంచించుకుపోతుంది, అప్పుడు పోసిన నీరంతా దాని పక్కల నుంచి జారి అడుగు రంధ్రం గుండా బయటికి వస్తుంది, మీరు మాత్రం కుండీ నిండా పోశానని అనుకుంటారు. ఈ పరీక్ష పోయిన మొక్కను తిరిగి తేలేదు కానీ, తరువాతి మొక్కకు ఏమి కావాలో ఏ పుస్తకం కన్నా స్పష్టంగా చెబుతుంది.

మీ అమ్మగారింటి పందిరి ఎవరూ పట్టించుకోకపోయినా ఎందుకు పూచిందన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. నేలలో ఉన్న మొక్కకు రెండు బిందెలు ఎక్కువ పోసినా ఆ నీరు పక్కలకు, లోతుకు ఇంకిపోతుంది. నాలుగు రోజులు పోయకపోయినా వేరు తడిని వెదుక్కుంటూ కిందికి వెళుతుంది. పది అంగుళాల కుండీలో ఉన్న మొక్కకు ఆ రెండు వెసులుబాట్లూ లేవు. దాని లోకమంతా ఆ కుండీడు మట్టే. అందువల్ల కుండీలో పెంచడం నేలలో పెంచడం కన్నా కష్టమైన పని, మీరు కష్టమైన పనితోనే మొదలుపెట్టారు.

ఇక నీటి సంగతి. గడియారాన్ని చూసి నీరు పోయడం ఈ రోజు నుంచి మానండి. చూపుడువేలిని రెండు కణుపుల లోతు వరకు మట్టిలోకి దించండి. వేలికి చల్లగా తగిలి, బయటికి తీసినప్పుడు మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీరు అక్కర లేదు. పొడిగా, గరుకుగా ఉంటే అడుగు రంధ్రం నుంచి నీరు కారేవరకు నిదానంగా పోయండి, పళ్లెంలో నిలిచిన నీటిని అరగంట తరువాత పారబోయండి. రోజూ కొంచెం కొంచెంగా చిలకరించే పద్ధతిలో పై అంగుళం ఎప్పుడూ తడిగా, అడుగు ఎప్పుడూ పొడిగా ఉంటుంది. రాజమహేంద్రవరం పక్కన ఉన్న కడియం, కడియపులంక నర్సరీలలో తిరిగినప్పుడు నన్ను ఆకట్టుకున్నది పూల రంగుల కన్నా అక్కడ పనిచేసే ఒక పెద్దాయన అలవాటు. ఆయన మట్టి వైపు చూడకుండా కుండీ అంచు పట్టుకుని ఒక పక్కకు కొంచెం లేపి, తేలికగా ఉన్నవాటికే నీరు పోస్తూ వెళ్లారు. నీరు పోసిన వెంటనే ఒకసారి, రెండు రోజుల తరువాత ఒకసారి మీ కుండీని అలా లేపి చూడండి. వారం తిరిగేసరికి ఆ తేడా మీ చేతికి తెలిసిపోతుంది. మే నెల ఎండలో చిన్న కుండీకి రోజూ నీరు కావలసి రావచ్చు, ముసురు పట్టిన రోజుల్లో వారం వరకు అక్కర లేకపోవచ్చు.

మట్టి గురించి ఎక్కువ చెప్పను. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరిపొట్టు, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి సరిపోతాయి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. పచ్చి పేడ ఎప్పుడూ వేయకండి, అది కుండీలోనే మురిగేటప్పుడు పుట్టే వేడి వేళ్లను దెబ్బతీస్తుంది. కొబ్బరిపొట్టు తడిని పట్టి ఉంచుతుంది కానీ దానిలో మొక్కకు పోషణ దాదాపు లేదు, కాబట్టి అది ఒక్కటే నింపిన కుండీలో మొక్క కొన్నాళ్లకు పాలిపోతుంది. అడుగు రంధ్రం మీద ఒక పెంకు ముక్కను బోర్లించి పెడితే మట్టి కారిపోకుండా నీరు దిగుతుంది.

ఎండను మాత్రం కొలవాలి, ఊహించకూడదు. ఒక సెలవు రోజున బాల్కనీలో కుండీ పెట్టదలచిన చోట సుద్దతో గీత గీసి, ఉదయం నుంచి గంటకొకసారి వెళ్లి అక్కడ నేరుగా ఎండ పడుతున్నదో లేదో రాసుకోండి. తూర్పు బాల్కనీలో ఎదుట మేడ లేకపోతే నాలుగు గంటల దాకా ఎండ దొరుకుతుంది. ఎదుట అయిదు అంతస్తుల మేడ ఉంటే రెండు గంటలే దొరకవచ్చు. పైగా సూర్యుడు శీతాకాలంలో ఆగ్నేయం నుంచి, వేసవిలో ఈశాన్యం నుంచి వస్తాడు కనుక డిసెంబరులో వేసుకున్న లెక్క మే నెలకు పనికిరాదు. గులాబీకి కనీసం అయిదారు గంటల ఎండ కావాలి. మీ 11 మొక్కలలో కొన్ని నీటి వల్ల కాకుండా నీడ వల్ల పోయి ఉండవచ్చు. నీడలో ఉన్న మొక్క నీటిని తక్కువగా వాడుతుంది కనుక రెండు కారణాలూ కలిసి ఉండవచ్చు కూడా.

ఏ మొక్కతో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నా జవాబు బంతి. అది కూడా మొక్క కొనకండి, గింజ వేయండి. నిండుగా పూసి ఉన్న మొక్క నర్సరీలో షేడ్‌నెట్ కింద, రోజూ ఎరువు, నీరు అందుతూ పెరిగి ఉంటుంది. అక్కడి నుంచి బండి మీద ఎండలో ఊరంతా తిరిగి మీ ఇంటికి చేరుతుంది. పూలను నిలబెట్టుకోవడానికి తన శక్తినంతా వెచ్చిస్తున్న ఆ సమయంలోనే చోటు మారుతుంది, చాలామంది అదే రోజు కుండీ కూడా మారుస్తారు. అనుభవం ఉన్నవారికే అటువంటి మొక్కను నిలబెట్టడం కష్టం. గింజ నుంచి వచ్చిన మొక్క మొదటి రోజు నుంచి మీ బాల్కనీ గాలికి, ఎండకు అలవాటుపడే పెరుగుతుంది. ఒకవేళ పోయినా పది గింజలలో ఒకటి పోతుంది తప్ప మనసు కష్టపెట్టుకునేంత నష్టం ఉండదు.

బంతిగింజ నల్లని సూదిలా ఉండి చివర తెల్లని కుచ్చు ఉంటుంది. పండగ దండలోని పూవును ఎండబెట్టి గింజలు తీయవచ్చు, కానీ అది సంకర రకమైతే తల్లిపూవు రూపం రాదు, చాలా గింజలు తాలువే ఉంటాయి. తొలిసారి విత్తనాల పొట్లం కొనడమే మేలు. వెడల్పైన పాత డబ్బాకు అడుగున రంధ్రాలు చేసి, మట్టి నింపి, తడిపి, గింజలను వేలెడు ఎడంగా పడుకోబెట్టి, పైన పావు అంగుళం మట్టి చల్లండి. నాలుగు నుంచి ఏడు రోజులలో మొలకలు వస్తాయి. మొట్టమొదట వచ్చే నున్నని రెండాకులు బీజదళాలు, వాటి తరువాత వచ్చే రంపపు అంచు ఆకులే నిజమైన బంతాకులు. వాటిని నలిపితే బంతి వాసన వస్తుంది. ఈ దశలో తడి ఎక్కువైతే మొలక కాండం నేలను తాకే చోట సన్నబడి, సాయంత్రం నిలబడి ఉన్నది మరునాటి ఉదయానికి పడిపోయి కనిపిస్తుంది. దానిని నారుకుళ్లు అంటారు. మొలకలన్నీ ఒకే వైపు వాలి సన్నగా సాగుతుంటే ఎండ చాలడం లేదని అర్థం, డబ్బాను వెలుతురుకు జరపండి.

మూడు నాలుగు వారాలకు నాలుగు నిజమైన ఆకులు వచ్చాక, సాయంత్రం పూట, పది అంగుళాల కుండీకి ఒక్కటి చొప్పున నాటండి. మొక్క జానెడు ఎత్తుకు వచ్చినప్పుడు కొసను గోటితో తుంచాలి. కొత్తవారికి ఇది ప్రాణం ఒప్పని పని అని నాకు తెలుసు, ఎందుకంటే అప్పటికి ఆ కొసలోనే తొలి మొగ్గ ఆనవాలు కనిపిస్తూ ఉంటుంది. తుంచకపోతే ఒకే కాండం నిటారుగా పెరిగి నాలుగైదు పూలు ఇస్తుంది. తుంచితే ఆకు మొదళ్లలో నిద్రపోతున్న మొగ్గలు లేచి పక్కకొమ్మలు వస్తాయి, తొలిపూవు వారం పది రోజులు ఆలస్యమైనా ప్రతి కొమ్మకూ పూలు ఉంటాయి. గింజ వేసిన రెండు, రెండున్నర నెలలకు పూలు మొదలవుతాయి. బతుకమ్మకు, దసరాకు పూలు కావాలంటే జూలై మధ్యలో, సంక్రాంతి గొబ్బెమ్మలకు కావాలంటే అక్టోబరు మధ్యలో గింజ వేయండి. బతుకమ్మలో పేర్చే గునుగు కూడా ఇలాంటి ధీమా గల మొక్కే. ఒకసారి గింజ రాలితే మరుసటి ఏడు తనంతట తానే మొలుస్తుంది.

మీ సుద్దగీత దగ్గర ఎండ మూడు గంటలకు మించకపోతే బంతి సరిగా పూయదు. అప్పుడు కనకాంబరం పెట్టండి. కొంత నీడను ఓర్చుకుంటుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు పూస్తుంది. మీ చిన్ననాటి మడిలో చూసే ఉంటారు, ఎండిన కనకాంబరం కంకి మీద నీటిచుక్క పడగానే కాయ చిటుక్కున పగిలి గింజలు ఎగిరి పడతాయి. మొదటి ఆరు నెలలు మూడు కుండీలకు మించి పెట్టుకోవద్దని నా గట్టి సలహా. మూడింటినీ రోజూ దగ్గరగా చూడగలరు; పదింటికైతే నీరు పోయడమే పనిగా మారి, చూడడం మానేస్తారు.

ప్రశ్న: గత డిసెంబరులో నిండా పూలతో ఉన్న చామంతి కుండీ కొన్నాను. పూలు అయిపోయాక మొక్క బతికే ఉంది, ఆకులు పచ్చగా ఉన్నాయి, కానీ ఇప్పటివరకు ఒక్క మొగ్గ కూడా రాలేదు. ఎరువులు ఎన్ని వేసినా ఫలితం లేదు. కుండీ ప్రహరీగోడ మీద, వీధిదీపం పక్కన ఉంటుంది.
(ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: మీ మొక్కకు రోగమేమీ లేదు, మీరు తప్పు చేయలేదు. చామంతి పగటి నిడివి తగ్గి, రాత్రి నిడివి పెరిగినప్పుడు మాత్రమే మొగ్గ తొడిగే జాతి. వేసవిలో, తొలి వానల్లో అది ఆకు, కొమ్మ పెంచుకుంటుంది. పొద్దు కురచైన తరువాత మొగ్గ వేసి శీతాకాలంలో పూస్తుంది. ఆకులు ఆ చీకటిని లెక్కపెడతాయి కాబట్టి రాత్రంతా వీధిదీపం పడితే మొక్క దృష్టిలో అది ఇంకా పొడుగాటి వేసవి పగలే. పూలను ఆలస్యంగా తెచ్చుకోవాలనుకునే రైతులు చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగించేది ఇందుకోసమే. వారు కోరి చేసేది మీ ఇంట్లో కోరకుండానే జరుగుతున్నది.

కుండీని దీపపు వెలుగు పడని చోటికి మార్చండి. ఆ చోట పగలు బాగా ఎండ ఉండాలి. ఎరువు ఆపండి, ముఖ్యంగా యూరియా ఆపండి. పూలు అయిపోయిన ప్రతిసారీ మొక్కను నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తున కత్తిరించి కాపాడుకుంటే మొదలు చుట్టూ పిలకలు వస్తాయి. వాటిని వేరుతో సహా విడదీసి జూన్, జూలై నెలల్లో కొత్త కుండీలలో నాటండి, నెల తరువాత కొసలు తుంచండి. సెప్టెంబరు వచ్చాక తుంచితే మొగ్గలు కూడా పోతాయి, కాబట్టి ఆ పని ఆగస్టుతో ముగించాలి. ఎడతెరిపి లేని వానలో చామంతి వేరు త్వరగా కుళ్లుతుంది. ఆ రోజుల్లో కుండీని చూరు కిందికి జరపడం మరచిపోవద్దు.

ప్రశ్న: మా డాబా మీద పెద్ద కుండీలో గుండుమల్లె ఉంది. మూడేళ్ల మొక్క. తీగలు ఏపుగా సాగుతున్నాయి, పూలు మాత్రం గుప్పెడు కూడా రావు. మా పక్కింటివారి మల్లె విరగబూస్తుంది.
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మీరు దానికి విశ్రాంతి ఇచ్చి, కత్తిరించి ఉండరు. మల్లె పాత తీగ మీద కాకుండా కొత్తగా వచ్చిన లేత కొమ్మ చివర పూస్తుంది. కనుక కొత్త కొమ్మలు ఒక్కసారిగా, సరైన కాలంలో వచ్చేలా చేయడమే మల్లె పెంపకంలోని మెలకువ. నవంబరు చివర నీటిని బాగా తగ్గించండి. ఆకులు కొంత వాడి, రాలడం మొదలవుతుంది, భయపడవద్దు. డిసెంబరులో గానీ, జనవరి మొదట్లో గానీ పదునైన కత్తెరతో మొక్కను మట్టి నుంచి అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, ఎండుపుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేసి, మిగిలిన ఆకులను చేతితో దూసివేయండి. ఒక వారం గడిచాక పై మట్టిని రెండు అంగుళాలు గుల్లచేసి, చివికిన పశువుల ఎరువు రెండు దోసిళ్లు, వేపపిండి ఒక గుప్పెడు కలిపి, నిండుగా నీరు పెట్టండి. అక్కడి నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి, వేసవి మొదలయ్యేసరికి మొగ్గలు కనిపిస్తాయి.

కత్తిరించిన రోజున మొక్క మోడులా కనిపించి ఇంట్లోవారు మిమ్మల్ని నిలదీయవచ్చు. నెల రోజులు ఆగమని చెప్పండి. ఒక్క సంగతి ముందే చూసుకోండి, నీటిట్యాంకు నీడలో ఉన్న మల్లెను ఎంత కత్తిరించినా పూయించలేము. దానికి రోజంతా ఎండ కావాలి.

ప్రశ్న: నా ఎర్రగులాబీ మొదటి ఏడాది బాగా పూసింది. ఇప్పుడు మొదలు నుంచి పొడవైన కొమ్మలు ఎంతో వేగంగా పెరుగుతున్నాయి, పూలు లేవు, పాత కొమ్మలు ఎండిపోతున్నాయి. సంతోషించాలా?
(ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: వెంటనే కత్తిరించాలి. నర్సరీలలో దొరికే గులాబీలలో ఎక్కువ భాగం అంటు మొక్కలు, అంటే మొండి రకం గులాబీ వేరు మీద మంచి పూల రకాన్ని అతికించినవి. కాండం మొదట్లో ఒక బుడిపె ఉంటుంది, అదే అంటు కట్టిన చోటు. దాని కింది నుంచి వచ్చేవన్నీ వేరుమొక్క కొమ్మలు. అవి వేరు తెచ్చే ఆహారాన్ని పైకి పోనీయకుండా తామే తీసుకుంటాయి, కొన్నాళ్లకు పై రకం చనిపోతుంది. మట్టిని కొంచెం పక్కకు తీసి, ఆ కొమ్మ పుట్టిన చోటికంటా చూసి, అక్కడే తీసేయండి. పైపైన కత్తిరిస్తే రెండింతలు వస్తాయి. నాటేటప్పుడు ఆ బుడిపెను మట్టిలో పూడ్చవద్దు. కొసల నుంచి నల్లబడుతున్న కొమ్మలను పచ్చని భాగం కనిపించేదాకా, నలుపు కన్నా ఒక అంగుళం దిగువన, ఏటవాలుగా కత్తిరించి, కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన శిలీంధ్రనాశక ముద్ద) పూయండి. ఒక మొక్కను కోసిన కత్తెరను తుడవకుండా మరొక మొక్కకు వాడకండి.

ప్రశ్న: మందారానికి మొగ్గలు వస్తున్నాయి, విచ్చకముందే రాలిపోతున్నాయి. లేత కొమ్మల మీద తెల్లని దూది లాంటిది అంటుకుని ఉంది.
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: అది పిండినల్లి. కొమ్మల రసం పీల్చి మొగ్గలను రాల్చుతుంది. కొమ్మ మీద చీమలు బారులు కట్టి ఉంటే ఆకుల అడుగున వెదకండి, నల్లి విడిచే తీపిరసం కోసం చీమలు దానిని కాపాడుతూ కొమ్మ నుంచి కొమ్మకు చేరవేస్తాయి. బాగా పట్టిన కొసలను తుంచి సంచిలో కట్టి పారవేయండి. మిగిలినదాన్ని నీటిధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు గిలక్కొట్టి, సాయంత్రం పూట ఆకుల అడుగుభాగం తడిసేలా పిచికారీ చేయండి. వారానికొకసారి చొప్పున మూడు వారాలు చేయాలి, ఒక్కసారితో పోదు. దూది లాంటిది లేకుండానే మొగ్గలు రాలుతుంటే నీటిని చూసుకోవాలి. కుండీ ఒక రోజు ఎండిపోయి, మరునాడు మునిగిపోతుంటే మందారం ముందుగా మొగ్గలనే వదిలేస్తుంది.

ప్రశ్న: మేము సంక్రాంతికి వారం రోజులు ఊరికి వెళతాము. ప్రతి ఏడూ తిరిగి వచ్చేసరికి కుండీలలో సగం ఎండిపోతున్నాయి. ఈ ఏడు మొదటిసారి నా చామంతులు పూశాయి. వాటిని పోగొట్టుకోవాలని లేదు.
(ఒక పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: వెళ్లే రోజు ఉదయం అన్ని కుండీలకు అడుగు నుంచి కారేదాకా నీరు పోసి, ఎండ తగలని వెలుతురు చోటుకు చేర్చి, ఒకదానినొకటి ఆనించి గుంపుగా పెట్టండి. విడివిడిగా ఉన్నప్పటి కన్నా తడి నిదానంగా ఆరుతుంది. విచ్చిన పూలన్నీ కోసి మీతో ఊరికి తీసుకువెళ్లండి, మొగ్గలు మాత్రం ఉంచండి. మట్టి మీద ఎండుటాకులు గానీ కొబ్బరిపీచు గానీ రెండు అంగుళాల మందాన పరవండి. జనవరి చలిలో పెద్ద కుండీలకు ఇది చాలు.

చిన్న కుండీలకు మాత్రం పాత నూలుచీర అంచును బొటనవేలంత లావు వత్తిగా పేని, తడిపి, ఒక కొసను కుండీ మట్టిలో నాలుగు అంగుళాల లోతుకు పాతి, రెండో కొసను పక్కన పీట మీద పెట్టిన బకెట్టు నీటి అడుగుకు చేరేలా వేయండి. బకెట్టు కుండీ కన్నా ఎత్తులో ఉండాలి, వత్తి నూలుదే కావాలి, పాలిస్టరు గుడ్డ ఇంత బాగా నీటిని పీల్చదు. ప్రయాణానికి పది రోజుల ముందే ఒక కుండీకి ఇలా అమర్చి, రెండు రోజుల తరువాత మట్టిలో వేలు పెట్టి చూడండి. మట్టి బురదగా ఉంటే వత్తిని సన్నగా పేని మళ్లీ చూడండి, పొడిగా ఉంటే రెండో వత్తి వేయండి.